159 ఏళ్లు ఆగిన చిక్కుముడి

మొదట కంటపడేది ఒంటరి అక్షరం. ఇంగ్లిష్ క్రిప్టోగ్రామ్‌లో, అంటే అక్షరానికి బదులు మరో గుర్తు వేసి దాచిన వాక్యాన్ని విప్పే ఆటలో, ఒకే అక్షరంతో మాట కనిపించిందంటే అది ‘ఎ’ అయినా కావాలి, ‘ఐ’ అయినా కావాలి. అక్కడ వేలు పెడతాం. ఫోన్ తెర మీద ఒక గడిలో అక్షరం వేయగానే అదే గుర్తున్న గళ్లన్నీ వాటంతటవే నిండిపోతాయి. రెండు మాటలు దొరికితే మూడోది తనే పలుకుతుంది. మూలన గడియారం పరుగెడుతుంటుంది. నా రికార్డు నాలుగు నిమిషాల చిల్లర. దాని విలువ మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈ పిచ్చిని పత్రికా పాఠకులకు అంటించిన ఘనుల్లో ఎడ్గార్ ఎలన్ పో ఒకడు. ఫిలడెల్ఫియా నుంచి వచ్చే ‘అలెగ్జాండర్స్ వీక్లీ మెసెంజర్’లో 1839 డిసెంబరులో సవాలు విసిరాడు: అక్షరానికో గుర్తు పెట్టుకుని ఏదైనా రాసి పంపండి, విప్పి చూపిస్తాను. ఉత్తరాలు వచ్చిపడ్డాయి. 1841లో ‘గ్రాహమ్స్ మ్యాగజీన్’లో ఆ ముచ్చట చెబుతూ, వచ్చినవి వంద దాకా ఉంటాయనీ, వాటిలో ఒక్కటే వెంటనే లొంగలేదనీ, అది కూడా అర్థంలేని గుర్తులు పేర్చిన మోసమనీ రాసుకున్నాడు. గొప్పలు చెప్పుకోవడంలో పో ఎవరికీ తీసిపోడు.

1843లో వచ్చిన పో కథ ‘ద గోల్డ్ బగ్’కు ‘డాలర్ న్యూస్‌పేపర్’ 100 డాలర్ల బహుమతి ఇచ్చింది. కథ జరిగేది దక్షిణ కెరొలైనాలోని సలివాన్స్ దీవిలో. పో సిపాయిగా ఉన్నప్పుడు మకాం వేసిన చోటే అది. దొంగల నాయకుడు కిడ్ దాచిన నిధికి దారి చెప్పే తోలు ముక్క లెగ్రాండ్ అనే ఆయనకు దొరుకుతుంది. దాని నిండా అంకెలూ సెమికోలన్లూ బ్రాకెట్లే. అతను కూర్చుని లెక్కపెడతాడు. 8 అనే గుర్తు 33 సార్లు వచ్చింది. ఇంగ్లిష్‌లో ఎక్కువగా వాడే అక్షరం ‘ఇ’ కాబట్టి 8 అంటే అదే. చివర 8 ఉండే మూడు గుర్తుల గుంపు ‘;48’ ఏడు చోట్ల ఉంది. అది ‘ద’ (the) కాక మరేమిటి? ఒక్క దెబ్బకు మూడు అక్షరాలు చేతికొచ్చాయి. మిగతాదంతా గబగబా రాలిపడుతుంది.

తమాషా ఏమిటంటే, ఇంగ్లిష్ అక్షరాలు ఏ వరుసలో ఎక్కువ వస్తాయో లెగ్రాండ్ ఏకరువు పెట్టిన పట్టీలో ‘టి’ది పదో స్థానం. నిజానికి అది రెండోది కావాలి. ఆ తోలు ముక్క మీదే ‘టి’కి పెట్టిన గుర్తు 26 సార్లు వచ్చి రెండో స్థానంలో కూర్చుంది! పట్టీ తప్పినా చిక్కు వీడిందంటే, పని చేసింది పట్టీ కాదు, నోటికి అలవాటైన భాష.

అక్షరాల్ని లెక్కపెట్టి రహస్య లిపిని విప్పే ఈ పద్ధతిని 9వ శతాబ్దంలోనే బాగ్దాద్ పండితుడు అల్ కిందీ గ్రంథంగా రాసిపెట్టాడు. అయితే పో కథకున్న సత్తా వేరు. చిన్నప్పుడు అది చదివి రహస్య లిపుల మోజులో పడ్డ విలియం ఫ్రీడ్‌మన్, 1940లో జపాన్ ‘పర్పుల్’ సంకేతాన్ని ఛేదించిన అమెరికా బృందానికి పెద్ద.

తెలుగులో ఈ ఆట ఆడదామని నేనూ ఒకసారి కూర్చున్నాను. గుణింతాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, ప్రతి హల్లుకూ బదులు వర్ణమాలలో దాని పక్క హల్లు వేయాలి. మొదటి మాటగా ‘అమ్మ’ రాశాను. ‘అయ్య’ అయి కూర్చుంది! లెక్కపెట్టాల్సింది హల్లునా, గుణింతాన్నా, ఒత్తునా అన్నది ఇంకో తగువు. ‘ద’ లాంటి విడిమాట మనకు లేదు. మన గుట్టు బయటపెట్టేవి మాటల తోకలు: లో, కు, ను, లు.

మళ్లీ పో దగ్గరికి. 1841 డిసెంబరు ‘గ్రాహమ్స్’లో డబ్ల్యు.బి. టైలర్ అనే పేరుతో వచ్చిన రెండు రహస్య లేఖలు అచ్చువేశాడు. విప్పే తీరిక తనకు లేదన్నాడు. ఆ టైలర్ పోనే అయి ఉంటాడని చాలామంది అనుమానం. మొదటిది 1992లో టెరెన్స్ వేలెన్ విప్పితే, అడిసన్ నాటకం ‘కేటో’లోని పంక్తులు బయటపడ్డాయి. రెండోది మాత్రం కొరకరాని కొయ్య. ఒక్కో అక్షరానికి అనేక గుర్తులున్నాయి, కొన్ని తలకిందులుగా అచ్చయ్యాయి. వీటికి తోడు రాసినవాడివో కంపోజిటర్‌వో బోలెడు తప్పులు. విప్పినవారికి 2,500 డాలర్లన్నారు. చివరికి 2000లో టొరాంటో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు గిల్ బ్రోజా కంప్యూటర్ సాయంతో దాని పని పట్టాడు.

159 ఏళ్ల తర్వాత తెరిచిన ఆ పెట్టెలో పో ఆచూకీ లేదు, నిధి జాడా లేదు. వసంతం మొదట్లో ఒక ఉక్కపోత మధ్యాహ్నం ఎలా ఉందో వర్ణించే నాలుగు మాటలున్నాయి, అంతే.