ఓషియానో ఇసుక తిన్నెలు: హక్కులు, హద్దులు

కాలిఫోర్నియా తీరంలో, లాస్ ఏంజెలెస్‌కూ శాన్‌ఫ్రాన్సిస్కోకూ ఇంచుమించు మధ్యలో పిస్మో బీచ్ ఉంది. ఆ ఊరు దాటగానే మొదలయ్యే ఇసుక తిన్నెలు దక్షిణాన గ్వాడలూప్ మీదుగా సుమారు 18 మైళ్లు సాగుతాయి. వాటికి తూర్పున కాస్త ఎత్తుగా ఉన్న మెట్టనేల నిపోమో మేసా. మేముండేది అక్కడే. మొత్తం కాలిఫోర్నియాలో సముద్రపు ఒడ్డున ఇసుక మీద బండి నడపనిచ్చే స్టేట్ పార్క్ ఒక్కటే. అది మా ఓషియానో దగ్గరున్నది. దాని గురించిన తగాదా ఇక్కడి ఇరుగుపొరుగులను ఏళ్ల తరబడి రెండు వర్గాలుగా నిలబెట్టింది. తగాదా మొదలు ఎక్కడో తెలియాలంటే ఈ ఇసుక చరిత్ర తిరగేయాలి.

ఈ తీరం మొదట చూమాష్ ప్రజలది. వాళ్లు తిని పారేసిన గుల్లల పోగులు తిన్నెల మధ్య ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత వచ్చినవాళ్లకు ఆటు వేళ గట్టిపడే తడి ఇసుక మంచి బాటగా కనిపించింది. ముందు గుర్రపు బళ్లు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మోటారు కార్లు దాని మీద నడిచాయి. 1923లో సెసిల్ బి. డిమిల్ తన మూకీ చిత్రం 'ది టెన్ కమాండ్‌మెంట్స్' కోసం గ్వాడలూప్ దగ్గర ఈజిప్టు నగరాన్నే కట్టించి, షూటింగ్ అయ్యాక ఆ సెట్టింగును ఇసుకలోనే పూడ్పించాడు.

ఆ రోజుల్లోనే ఓషియానో తిన్నెల చాటున కవులు, చిత్రకారులు, సన్యాసి స్వభావులు పాకలు వేసుకుని కాపురమున్నారు. వాళ్లకు డ్యూనైట్లని పేరు. అమెరికా అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ మనవడు గావిన్ ఆర్థర్ వాళ్లను కూడగట్టి, 1934లో 'డ్యూన్ ఫోరమ్' అనే పత్రిక నడిపాడు. ఆ ఏడాది చివర్లో వాళ్ల దగ్గరికి మెహెర్ బాబా వచ్చారు. తర్వాత 1950లలో ఆంధ్రదేశంలో పర్యటించి, గోదావరి జిల్లాల్లో ఎందరికో గురువైన ఆ మెహెర్ బాబాయే. మన ప్రాంతపు భక్తులకు ఓషియానో పేరు తెలియకపోవచ్చు గానీ, ఆ మౌనయోగి పాదాలు ఈ ఇసుకను కూడా తాకాయి.

1960లలో పెద్ద గండం వచ్చింది. పీజీ అండ్ ఈ విద్యుత్ కంపెనీ నిపోమో తిన్నెల్లో అణు విద్యుత్ కేంద్రం కట్టాలని స్థలం కొంది. పర్యావరణ సంస్థ సియెర్రా క్లబ్ సభ్యురాలు క్యాథ్లీన్ గొడార్డ్ జోన్స్ జనాన్ని వెంటబెట్టుకుని తిన్నెల మీద నడిపించి, ఈ నేల విలువ చూపించారు. చివరికి కంపెనీ తన కేంద్రాన్ని ఉత్తరాన డయాబ్లో కాన్యన్‌కు మార్చుకుంది. 1974లో ఈ తిన్నెలకు జాతీయ సహజ చిహ్నమన్న గుర్తింపు వచ్చింది.

అదే కాలంలో డ్యూన్ బగ్గీల మోజు పెరిగింది. బండ్లు అదుపు తప్పుతుంటే రాష్ట్రం పార్కు ఏర్పాటు చేసింది. తీర పరిరక్షణ చట్టం 1976లో వచ్చింది. దాని కింద 1982లో కోస్టల్ కమిషన్ ఈ పార్కుకు అనుమతి ఇచ్చింది. ఎన్ని బండ్లు రావచ్చో, ఎక్కడి నుంచి లోపలికి వెళ్లాలో అందులో రాసినవి మధ్యంతర ఏర్పాట్లే. శాశ్వతమైన ప్రవేశ స్థలం తర్వాత తేల్చాలి. నాలుగు దశాబ్దాలైనా ఆ మధ్యంతర ఏర్పాటే నడుస్తోంది. నేటికీ బండ్లు ఒడ్డు వెంట పోయి, అరోయో గ్రాండే వాగును దాటి తిన్నెలకు చేరుతున్నాయి.

ఈలోగా నష్టం లెక్కకు రాసాగింది. స్నోయీ ప్లవర్ అనే పిట్ట ఇసుకలో చిన్న గుంట చేసి సాధారణంగా మూడు గుడ్లు పెడుతుంది. పిల్లలు ప్రమాదం పసిగట్టి ఇసుకకు అంటుకుపోతాయి, చక్రం కిందా అలాగే అణగి ఉంటాయి. 1993లో దీన్ని కేంద్ర ప్రభుత్వం ముప్పున్న జాతుల్లో చేర్చింది. అప్పటి నుంచి గూళ్లు పెట్టే మార్చి–సెప్టెంబరు నెలల్లో కొంత భాగానికి కంచె వేస్తున్నారు. 2020లో కోవిడ్ వల్ల బండ్లు నెలల తరబడి ఆగితే, ప్లవర్లు బండ్లు తిరిగే చోటే గూళ్లు పెట్టుకోవడం మొదలుపెట్టాయి. అది వాటి చోటేనని పిట్టలే చెప్పినట్టయింది.

మాకు తగిలే దెబ్బ దుమ్ము. వసంతకాలపు మధ్యాహ్నాల్లో వాయవ్యం నుంచి గాలి ఉధృతంగా వీస్తుంది. పెద్ద రేణువులు ఎగిరి పడుతూ సన్న రేణువులను పైకి లేపుతాయి, అవి మెట్ట మీదికి కొట్టుకొస్తాయి. మొక్కలు అల్లుకుని, పైపొర గట్టిపడిన తిన్నె గాలికి కాస్త తట్టుకుంటుంది. చక్రాలు నలిపిన తిన్నెకు ఆ కవచం ఉండదు. దీని మీద కౌంటీ వాయు కాలుష్య నియంత్రణ సంస్థ అధ్యయనాలు చేసి, 2011లో ప్రత్యేక నిబంధన తెచ్చింది. 2018లో పార్కును నడిపే స్టేట్ పార్క్స్ శాఖ దుమ్ము తగ్గిస్తానని ఒప్పుకుని, కంచెలు వేసింది, గడ్డి పరిచింది, స్థానిక మొక్కలు నాటింది. అవి నాటిన చోట దుమ్ము తగ్గింది. అంటే బాగుచేయడం మన చేతిలో ఉన్న పనే. అయినా గాలి రోజున మా ఇంట్లో కిటికీలు మూసే ఉంటాయి, ఆస్తమా ఉన్న పిల్లలు ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకుంటారు.

అటువైపు వాళ్ల మాటా వినాలి. ఓషియానో సంపన్నుల ఊరు కాదు. బండ్లు అద్దెకిచ్చేవాళ్లు, టిఫిన్ సెంటర్లు నడిపేవాళ్లు దీని మీదే బతుకుతున్నారు. హోటల్ గదులకు డబ్బు పెట్టలేని కుటుంబాలు తాతల నాటి నుంచి ఇక్కడే ఇసుక మీద గుడారాలు వేసుకుంటున్నాయి. ఆ ఆనందం నిజమైనది, దాన్ని చిన్నచూపు చూడకూడదు.

2021 మార్చిలో కోస్టల్ కమిషన్ ఏకగ్రీవంగా, మూడేళ్లలో ఏటీవీలు, డ్యూన్ బగ్గీల వంటి బండ్లను ఆపాలని తీర్మానించింది. వాటి యజమానుల సంఘాలు కోర్టుకెళ్లాయి. ఆ నిర్ణయం తీసుకునే అధికారం కమిషన్‌కు లేదని 2023లో కౌంటీ సుపీరియర్ కోర్టు దాన్ని కొట్టివేసింది. బండ్లు తిరుగుతూనే ఉన్నాయి.

చరిత్ర చూస్తే నాకు కనిపించేది ఒకటే. తేల్చకుండా వదిలేసిన ఏర్పాటు, కాలం గడిచేకొద్దీ హక్కుగా చెలామణీ అవుతోంది. ఈ నేల అందరిదీ అయినప్పుడు, దాని మీద వినోదం పొరుగువాడి ఊపిరిని, పిట్ట గూడును మింగకూడదు. హంగ్రీ వ్యాలీ, హాలిస్టర్ హిల్స్ వంటి చోట్ల ఇటువంటి బండ్లకు రాష్ట్రమే పార్కులు నడుపుతోంది. ఈ తీరం మాత్రం మరోచోటికి పోలేదు. అణు కేంద్రాన్నే మరోచోటికి పంపగలిగిన జిల్లా ఇది. రాష్ట్రం ఇక సాగదీయకుండా బండ్లకు ఒక గడువు చెప్పాలి. ఓషియానో వ్యాపారులకు మారడానికి డబ్బు, సమయం ఇవ్వాలి. గుడారాల స్థలాలను చవకగానే, నడిచి వెళ్లేవాళ్లకు తెరిచి ఉంచాలి. మేసా మీద బతికేవాళ్లం అడుగుతున్నది ఇంతే.