ఫోర్‌క్లోజర్ ఇళ్ళ శుభ్రత వ్యాపారం: రియల్ ఎస్టేట్ ఏజెంట్ల నుంచి పని సంపాదించడం ఎలా?

అమెరికాలో ఇంటి అప్పు కట్టలేక ఇల్లు బ్యాంకు పరం కావడాన్ని ఫోర్‌క్లోజర్ అంటారని మనందరికీ తెలుసు. ఆ తరువాత ఆ ఇంటికి ఏమవుతుందన్నది మాత్రం ఎక్కువమంది ఆలోచించరు. వదిలేసి వెళ్ళిన సామాను, ఫ్రిజ్‌లో కుళ్ళిన తిండి, మోకాలెత్తు గడ్డి, పగిలిన కిటికీలు... ఇవన్నీ సరిచేస్తే గానీ ఇల్లు అమ్మకానికి పెట్టడం కుదరదు. ఒక పికప్ ట్రక్కు, ఒక ట్రైలరు, ఇద్దరు ముగ్గురు పనివాళ్ళు ఉంటే ఈ వ్యాపారం మొదలుపెట్టవచ్చు. సామగ్రి కొనడం సులువే, పని ఇచ్చేవాళ్ళను సంపాదించుకోవడమే కష్టం. ఆ సంగతులే ఈ వ్యాసంలో చూద్దాం.

పని ఇచ్చేది ఎవరు?

వేలంలో ఎవరూ కొనని ఇల్లు బ్యాంకు ఆస్తి అవుతుంది. దీనినే ఆర్.ఇ.ఓ. అంటారు. బ్యాంకు తరఫున ఇటువంటి ఇళ్ళను చూసే ఉద్యోగి అసెట్ మేనేజర్. ఆయన ఎక్కడో దూరాన ఉంటాడు కాబట్టి, స్థానికంగా ఒక లిస్టింగ్ ఏజెంట్‌ను పెట్టుకుంటాడు. మీకు పని రాగల దారులు ముఖ్యంగా మూడు.

1. ఆర్.ఇ.ఓ. ఏజెంట్లు: తాళాలు మార్చడం, చెత్త తీయించడం, గడ్డి కోయించడం వంటి పనులకు మనుషులను వీరే పిలుస్తుంటారు. కొత్తవారికి అన్నిటికన్నా మంచి దారి ఇదే.

2. దేశవ్యాప్త ఫీల్డ్ సర్వీస్ కంపెనీలు: బ్యాంకులు వీరికి టోకున పని అప్పజెబుతాయి. వీరి నుంచి ప్రాంతీయ కాంట్రాక్టరుకు, అక్కడి నుంచి సబ్ కాంట్రాక్టరుకు పని దిగుతుంది. ప్రతి మెట్టు దగ్గరా కొంత కోత పడుతుంది. పని ఎక్కువగా వస్తుంది గాని చేతికి మిగిలేది తక్కువ.

3. ఇన్వెస్టర్లు, ప్రాపర్టీ మేనేజర్లు, చిన్న బ్యాంకులు, క్రెడిట్ యూనియన్లు: వీరితో నేరుగా మాట్లాడుకోవచ్చు, డబ్బు కూడా త్వరగా వస్తుంది.

ఒక మినహాయింపు గుర్తుంచుకోండి. ఎఫ్.హెచ్.ఎ. బీమా ఉన్న అప్పు మునిగి ఇల్లు హడ్ చేతికి వస్తే, దాని సంరక్షణ ఫీల్డ్ సర్వీస్ మేనేజర్లు అనే కాంట్రాక్టర్ల ద్వారా జరుగుతుంది. ఆ పని కోసం ఏజెంట్ చుట్టూ తిరిగి లాభం లేదు.

ఏజెంట్‌కు నిజంగా కావలసింది

ఈ వ్యాపారంలో కిటుకు అంతా ఇక్కడే ఉంది. చాలా సందర్భాల్లో ఏజెంట్ ముందు తన జేబులోంచి మీకు డబ్బు ఇచ్చి, తరువాత బ్యాంకు నుంచి రాబట్టుకుంటాడు. ఫోటోలు సరిగా లేకపోయినా, బిల్లు మీద తేదీ, వర్క్ ఆర్డర్ నంబరు తప్పినా, ఆమోదించిన మొత్తాన్ని దాటినా బ్యాంకు ఆ బిల్లును తిప్పి పంపవచ్చు. అప్పుడు నష్టం ఏజెంట్‌ది. కాబట్టి అతను మీ దగ్గర కొనేది శుభ్రత ఒక్కటే కాదు, తన డబ్బు తిరిగి వస్తుందన్న ధైర్యం కూడా. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, డాక్యుమెంటేషన్ కూడా డెలివరబుల్‌లో భాగమే.

అందుకని ప్రతి గదినీ ఒకే మూల నుంచి పనికి ముందు, పని జరిగేటప్పుడు, పని తరువాత ఫోటో తీయాలి. ఇంటి నంబరు, నిండిన ట్రైలరు, డంప్ యార్డు రసీదు కూడా ఫోటోల్లో ఉండాలి. పని ముగిసిన రోజే ఫోటోలూ బిల్లూ కలిపి ఒకే ఫైలుగా పంపే కంపెనీని ఏ ఏజెంటూ వదులుకోడు.

తలుపు తట్టే ముందు

ఏజెంట్ అడిగే కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. ఎల్.ఎల్.సి. రిజిస్ట్రేషన్, ఐ.ఆర్.ఎస్. ఉచితంగా ఇచ్చే ఇ.ఐ.ఎన్., పూర్తి చేసిన డబ్ల్యు-9 ఫారం, జనరల్ లయబిలిటీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, పనివాళ్ళు ఉంటే మీ రాష్ట్రం కోరే వర్కర్స్ కాంపెన్సేషన్ పాలసీ. చాలామంది 10 లక్షల డాలర్ల లయబిలిటీ కవరేజి అడుగుతారు.

లైసెన్సు నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఉదాహరణకు కాలిఫోర్నియాలో కాంట్రాక్టరు లైసెన్సు లేకుండా చేయగల చిన్న మరమ్మతు పనుల పరిమితి 500 డాలర్లుగా ఉండేది. 2025 జనవరి నుంచి దానిని 1,000 డాలర్లకు పెంచారు, అదీ పర్మిట్ అవసరం లేకుండా, పనివాళ్ళను పెట్టుకోకుండా చేసే పనులకు మాత్రమే. 1978కి ముందు కట్టిన ఇళ్ళలో పాత రంగును కదిలించే మరమ్మతులు ఒక హద్దు దాటితే, 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఇ.పి.ఎ. సీసం నిబంధన వర్తిస్తుంది. దానికి ధృవీకరణ పొందిన సంస్థ కావాలి. ఖాళీ సామాను తీయడం వేరు, గోడ గీకడం వేరు అని గ్రహించండి.

ఏజెంట్లను పట్టుకోవడం

మీ ఇంటికి 30 మైళ్ళ లోపు ప్రాంతం ఎంచుకుని, అక్కడ అమ్మకానికి ఉన్న బ్యాంకు ఇళ్ళ జాబితా తయారుచేయండి. ఫానీ మే సంస్థ తన ఇళ్ళను హోమ్‌పాత్ వెబ్‌సైటులో పెడుతుంది, అక్కడ లిస్టింగ్ ఏజెంట్ పేరు కూడా ఉంటుంది. జాబితాలో ఒకే పేరు నాలుగైదు సార్లు కనిపిస్తే, మీరు కలవవలసిన మనిషి ఆయనే. టెక్సస్, జార్జియా వంటి చోట్ల ఫోర్‌క్లోజర్ వేలం ప్రతి నెలా మొదటి మంగళవారం జరుగుతుంది. ఇళ్ళు కొనే ఇన్వెస్టర్లు అక్కడే దొరుకుతారు. స్థానిక రియల్టర్ల సంఘంలో అఫిలియేట్ సభ్యత్వం దొరికితే, వారి సమావేశాలకు వెళ్ళే వీలుంటుంది.

500 మందికి ఒకే ఈమెయిల్ పంపడం కన్నా 20 మందిని ఎంచుకుని నెలకొకసారి పలకరించడం మేలు. కలిసినప్పుడు మీ గొప్పలు చెప్పకండి. ఏ జిప్ కోడ్‌లలో పనిచేస్తారో, పిలిచిన ఎన్ని గంటల్లో వెళ్ళగలరో చెప్పి, ఒక నమూనా ఫైలు చేతిలో పెట్టండి. ఇంకా ఏ పనీ చేయలేదా? మీ గరాజ్‌నే శుభ్రం చేసి, ముందు వెనుక ఫోటోలతో ఆ ఫైలు తయారుచేయండి, అది నమూనా అని చెప్పే ఇవ్వండి. ఏజెంట్‌కు అప్పటికే ఒక కంపెనీ ఉంటే, వాళ్ళకు తీరిక లేని రోజున మిమ్మల్ని పిలవమనండి. మొదటి పని చాలాసార్లు ఆ దారినే వస్తుంది.

ధర చెప్పడం

చెత్తను క్యూబిక్ యార్డుల్లో కొలుస్తారు. 27 ఘనపు అడుగులు ఒక క్యూబిక్ యార్డు. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉన్న గదిలో సామాను సగటున 3 అడుగుల ఎత్తు ఉంటే 540 ఘనపు అడుగులు, అంటే 20 క్యూబిక్ యార్డులు. ఇల్లు చూడకుండా ధర చెప్పకండి. టైర్లు, పెయింట్ డబ్బాలు, ఫ్రిజ్‌లకు డంప్ యార్డులో వేరే రుసుము ఉండవచ్చు, దానిని విడిగా చూపించండి. అదనపు పని కనిపిస్తే ముందు ఫోటో, తరువాత రాతపూర్వక ఆమోదం, ఆ తరువాతే పని. నోటి మాట మీద చేసిన పనికి బ్యాంకు డబ్బివ్వదు.

బిల్లు డబ్బు రావడానికి 30 నుంచి 60 రోజులు పట్టవచ్చు. పనివాళ్ళ కూలి మాత్రం ఆ వారమే ఇవ్వాలి. రెండు నెలల ఖర్చు చేతిలో లేకుండా దిగితే, పని ఎక్కువై మునిగిపోయే ప్రమాదం కూడా ఉంది.

చట్టం, మర్యాద

వేలం జరిగినంత మాత్రాన ఇల్లు ఖాళీ అయినట్లు కాదు. సక్రమంగా అద్దెకు ఉంటున్నవారికి కనీసం 90 రోజుల నోటీసు ఇవ్వాలని 2009లో ఫెడరల్ చట్టం వచ్చింది, 2018లో దానిని శాశ్వతం చేశారు. ఇంట్లో మనిషి ఉన్న ఆనవాలు కనిపిస్తే తాళం ముట్టుకోకుండా వెంటనే ఏజెంట్‌కు ఫోన్ చేయండి.

సామాను సంగతి ఇంకా సున్నితం. పాత యజమాని వస్తువులను ఎంతకాలం భద్రపరచాలో, ఎలా తెలియజేయాలో రాష్ట్ర చట్టాలు చెబుతాయి. రాతపూర్వక ఆదేశం లేనిదే ఏదీ పారేయకండి. ఫోటో ఆల్బమ్‌లు, సర్టిఫికెట్లు, దేవుడి పటాలు, పిల్లల వస్తువులు కనిపిస్తే ఒక పెట్టెలో పెట్టి ఏజెంట్‌కు చెప్పండి. మనకు అది చెత్త కావచ్చు, ఇల్లు పోగొట్టుకున్న కుటుంబానికి మిగిలింది అదే కావచ్చు. ఇక పని ఇచ్చినందుకు ఏజెంట్‌కు కమీషన్ ఇవ్వజూపడం ఎప్పుడూ చేయకండి. బయటపడితే ఇద్దరికీ పని పోతుంది, చట్టపరమైన చిక్కులూ రావచ్చు.

దీనినే నమ్ముకోవచ్చా?

2010లో దేశంలో దాదాపు 29 లక్షల ఇళ్ళ మీద ఫోర్‌క్లోజర్ నోటీసులు నమోదయ్యాయి. 2024లో ఆ సంఖ్య సుమారు 3.2 లక్షలు. అంటే ఒక్క బ్యాంకు ఇళ్ళ మీదే ఆధారపడితే చేతులు కాలతాయి. అయితే అవే ఫోటోలు, అదే ఫైలు పద్ధతి అద్దె ఇళ్ళు ఖాళీ అయినప్పుడు, వారసత్వంగా వచ్చిన ఇళ్ళు అమ్మేటప్పుడు కూడా పనికొస్తాయి. ఆర్.ఇ.ఓ. ఏజెంట్లు మామూలు ఇళ్ళు కూడా అమ్ముతారు. ఒకసారి నమ్మకం కుదిరితే ఆ పనులూ మీకే వస్తాయి.

చివరగా వీసా మాట. హెచ్-1బి మీద ఉన్నవారు కంపెనీలో పెట్టుబడి పెట్టడం వేరు, తామే వెళ్ళి ఏజెంట్లను కలవడం, పనులు నడపడం వేరు. రెండవది అనుమతి లేని ఉద్యోగంగా పరిగణించే ప్రమాదం ఉంది. 2015 నాటి నిబంధన కింద హెచ్-4 మీద పని అనుమతి పొందిన జీవిత భాగస్వామికి ఈ ఇబ్బంది లేదు. ఏదైనా సరే, కంపెనీ పెట్టే ముందు ఇమిగ్రేషన్ అటార్నీని ఒకసారి అడగండి. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి నిలబడ్డవారు నాలుగు ట్రైలర్ల చెత్త కోసం ఆ స్థానాన్ని పణంగా పెట్టకూడదు.