కారు ఈల, కాగితపు గొట్టం

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మా కారు ఈల వేస్తోందని మొట్టమొదట కనిపెట్టింది నేనే. 1984లో మేము బెజవాడలో ఉన్నప్పటి సంగతి. పొద్దున్నే మావారు కారు స్టార్టు చేసి హారన్ కొడితే, చేతిలో గరిటెతోనే వెళ్ళి గేటు తీసేదాన్ని. బానెట్ లోంచి సన్నగా, ఎడతెగకుండా ఒక ఈల! కుక్కర్ కూత వెయ్యబోయే ముందు వెయిట్ కింద నుంచి ఆవిరి తప్పించుకుంటూ ఒక చప్పుడు చేస్తుంది చూశారూ, అచ్చం అదే.

"ఏమండీ, కారు ఈల వేస్తోంది" అన్నాను.

"నీ చెవిలో కుక్కర్ దూరింది" అన్నారాయన. అని బండి కదిలించారో లేదో, ఈల మాయం! ఇంక ఆయన నమ్మేదెలా?

పది రోజులు ఇదే వరస. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడల్లా ఇంజను కూడా ఆగిపోవడం మొదలయ్యాకగానీ ఆటోనగర్ నుంచి మేస్త్రి రాలేదు. పెద్దాయన. ముందు చెంబుతో నీళ్ళడిగి ఫ్యాన్ బెల్టు మీద చిలకరించాడు. "బెల్టు కూతైతే నీళ్ళు పడగానే మారుద్దమ్మగారూ" అన్నాడు. మారలేదు. అప్పుడు సంచీలోంచి మూరెడు రబ్బరు గొట్టం తీసి, ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఫ్యాను రెక్కలకి తగలకుండా ఇంజను చుట్టూ తిప్పడం మొదలెట్టాడు. అచ్చం డాక్టరుగారిలాగే. నాకు నవ్వాగలేదు.

నవ్వాను గానీ, ఆ గొట్టానికి ఎంత గొప్ప వంశవృక్షం ఉందో చాలా ఏళ్ళ తరవాత వైద్యచరిత్ర పుస్తకాలు తిరగేస్తుంటే తెలిసింది.

ఆస్ట్రియాలోని గ్రాట్స్ ఊళ్ళో ఒక పూటకూళ్ళాయన కొడుకు, ఆవెన్‌బ్రుగ్గర్ అని, వియన్నాలో డాక్టరయ్యాడు. సారా పీపాల మీద వేళ్ళతో కొట్టి, ఎంతవరకు నిండి ఉందో తెలుసుకోవడం చిన్నప్పుడు ఇంట్లో చూశాడంటారు. (కుండ కొనేటప్పుడు మనం మాత్రం వేలు మడిచి కొట్టి చూడమూ?) రోగుల ఛాతీ మీదా అలాగే కొట్టి చూసి, లోపల నీరు చేరిన చోట చప్పుడు మందంగా పలుకుతుందని 1761లో పుస్తకం వేశాడు. ఎక్కువమంది పెద్దలు పట్టించుకోలేదు. దాదాపు యాభై ఏళ్ళ తరవాత, 1808లో, నెపోలియన్ డాక్టరు కోర్విజార్ దాన్ని ఫ్రెంచిలోకి తెచ్చాకే పదిమందీ తల ఊపారు. మరుసటేడే ఆవెన్‌బ్రుగ్గర్ పోయాడు. నాకు పది రోజులే పట్టింది, నయం.

ఆ కోర్విజార్ శిష్యుడే రెనే లాయెనెక్. 1816లో పారిస్‌లో ఆయన దగ్గరికి గుండెజబ్బు లక్షణాలతో ఒక అమ్మాయి వచ్చింది. కాస్త ఒళ్ళున్న పిల్ల. కొట్టి చూస్తే చప్పుడు తెలియలేదు. ఛాతీకి చెవి ఆనించి వినడం అప్పటికే ఉంది గానీ, వయసులో ఉన్న ఆడపిల్లకి అలా ఆనించడం మర్యాద కాదని ఆయన వెనకాడాడు. పొడుగాటి దూలం ఒక కొసన గుండుసూదితో గీస్తే రెండో కొసన చెవి పెట్టినవాళ్ళకి వినిపిస్తుందన్న సంగతి గుర్తొచ్చింది. వెంటనే కొన్ని కాగితాలు బిగించి చుట్టి గొట్టం చేసి, ఒక కొస ఆమె గుండె మీద, రెండోది తన చెవికి పెట్టాడు. చెవి ఆనించినప్పటికంటే స్పష్టంగా వినిపించింది! స్టెతస్కోపు అలా పుట్టింది. ఆ అమ్మాయి సిగ్గు ప్రపంచానికెంత మేలు చేసిందో!

తరవాత ఆయన అడుగు పొడవు కొయ్య గొట్టాలు స్వయంగా తరిణె పట్టి చేసుకున్నాడు. అందులో ఒక తమాషా ఉంది. గుండె చప్పుడు వినేటప్పుడు కొసన కొయ్య బిరడా బిగించేవాడు. ఊపిరి వినాలంటే అది తీసేసేవాడు. వినికిడి సంగతులన్నీ 1819లో పుస్తకంగా వేశాడు. ఆ చెవితో ఎందరి క్షయనో పోల్చుకున్న మనిషికి చివరికి ఆ జబ్బే వచ్చింది. దగ్గరి బంధువు మెరియాదెక్‌తో తన ఛాతీ మీదే గొట్టం పెట్టించుకుని, ఏం వినిపిస్తోందో చెప్పమన్నాడట. కుర్రాడు చెబుతున్న ఒక్కొక్క గుర్తూ ఆయన ఎందరి విషయంలోనో తనే రాసుకున్నది. 1826లో, నలభై అయిదో ఏట పోయాడు. ఆ చోట నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

మా మేస్త్రి లాయెనెక్ పేరు విని ఉండడు. కానీ ఆయన సంచీలోనూ రెండు పనిముట్లున్నాయి. ఇంజనులో ఠకఠకలు వినాలంటే పొడుగాటి స్క్రూడ్రైవరు పిడి చెవి దగ్గర పెట్టుకునేవాడు. గాలి చప్పుడైతే రబ్బరు గొట్టం. బిరడా ఉన్నదీ, లేనిదీ!

గొట్టం కార్బురేటర్ అడుగున ఆగింది. అక్కడ సందు మీద వేలితో కాస్త గ్రీజు పూశాడు. ఈల టక్కున ఆగిపోయింది.

"గాస్కెట్ పోయిందమ్మగారూ. ఇంజను కూడా ఊపిరి పీలుస్తది. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు కార్బురేటర్ తలుపు మూసుకునుంటది. గాలి చాలక ఎక్కడ చిల్లుంటే అక్కడ్నుంచి లాగుద్ది. కాలు నొక్కితే తలుపు తీసుకుంటది, చిల్లుతో పనుండదు" అన్నాడు.

అదన్నమాట! గేటు దగ్గర ఆగి ఉన్న కారు నాది, రోడ్డు మీద పరిగెత్తే కారు మావారిది. అడ్డదారిన దూరిన గాలి వల్ల పెట్రోలు పాలు తగ్గి, ఎర్రలైటు దగ్గర ఇంజను ఆగిపోయేదట. పాత గాస్కెట్ ముక్కలు శుభ్రంగా గీకి, కొత్తది వేసి, నట్లు అటూ ఇటూ సమంగా బిగించాడు. కాఫీ తాగి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్న మావారు కారు స్టార్టు చేసి, హారన్ కొట్టకుండా దిగొచ్చి, బానెట్ మీదికి తల వంచి నిలబడ్డారు.

"ఏమీ వినిపించట్లేదే" అన్నారు.

"మీకెప్పుడు వినిపించింది గనక!" అని గేటు తీశాను.