తుని శాసనసభ్యుడు, సభాపతి పీఠం

హైదరాబాదులో 1995 ఆగస్టులో జరిగిన అధికార మార్పిడికి 2025 ఆగస్టుతో ముప్ఫై ఏళ్లు నిండాయి. ఆ సంక్షోభం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా ఎన్.టి.రామారావు, చంద్రబాబు నాయుడు, లక్ష్మీపార్వతి పేర్లే ముందుగా వినిపిస్తాయి. అప్పట్లో సభాపతి స్థానంలో ఉండి, సభలో ఎవరిది ఏ పక్షమో, ఎవరు ఏ పక్షానికి నాయకుడో నిర్ణయించిన తూర్పు గోదావరి జిల్లా తుని శాసనసభ్యుడు యనమల రామకృష్ణుడికి ఆ కథనాల్లో దక్కే చోటు స్వల్పం. ఒకే నియోజకవర్గం నుంచి వరుసగా ఆరుసార్లు గెలిచి, సభాపతిగానూ ఆర్థిక మంత్రిగానూ శాసనమండలిలో ప్రతిపక్ష నాయకుడిగానూ పనిచేసిన ఈ న్యాయవాది చరిత్రను గెలుపోటముల పట్టికతో సరిపెట్టుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. ఆయన బలం ఓట్లలో ఎంత ఉన్నదో, సభ నడవడికను నిర్దేశించే నియమావళి మీద ఆయనకున్న పట్టులోనూ అంత ఉన్నది.

గోదావరి తీరంలో ప్రజాప్రాతినిధ్యం చాలా ఆలస్యంగా మొదలైంది. తూర్పు చాళుక్యుల రాజమహేంద్రవరం, ఆ తరువాతి రెడ్డిరాజుల, గోల్కొండ సుల్తానుల ఏలుబడులు గడిచి, ఉత్తర సర్కారులు 1765 ఫర్మానాతో, 1766 ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక కూడా ఇక్కడి రైతు గోడు జమీందారు ద్వారానో కలెక్టరు ద్వారానో తప్ప పైకి చేరేది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టా పంటలతో నిండిన తరువాత చదువుకున్న వకీళ్ల తరం ఒకటి తలెత్తింది. ఆ తరానికి చెందిన రాజమండ్రి న్యాయవాది న్యాపతి సుబ్బారావు పంతులు, ‘ది హిందూ’ పత్రికను స్థాపించిన ఆరుగురిలో ఒకరు, 1890లలో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టారు. ఆ మండలికి ప్రజలు నేరుగా ఎన్నుకునే పద్ధతి లేదు, దానికి ఉన్న అధికారమూ పరిమితమే. అయినా ప్రభుత్వాన్ని ప్రశ్న వేసి జవాబు రాబట్టే అలవాటు గోదావరి జిల్లాకు ఆ కాలంలోనే అబ్బింది.

ఇంకొక తరం గడిచాక ఆ అలవాటు పీఠం దాకా చేరింది. 1935 చట్టం కింద 1937లో జరిగిన ఎన్నికల తరువాత ఏర్పడిన మద్రాసు శాసనసభకు కాకినాడ నాయకుడు బులుసు సాంబమూర్తి సభాపతి అయ్యారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ నిర్వహణ భారాన్ని మోసిన ఆయన 1942లో స్వాతంత్ర్య పోరాటం కోసం ఆ పదవిని వదులుకున్నారు. సభాపతి అంటే సభకు అధ్యక్షత వహించి, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో, ఏ తీర్మానం చర్చకు అర్హమో నిర్ణయించే వ్యక్తి. ఆ స్థానపు నిష్పాక్షికతకు గోదావరి జిల్లాలలో సాంబమూర్తి పేరు నేటికీ కొలమానంగా నిలుస్తున్నది.

స్వాతంత్ర్యానంతరం తొలి సార్వత్రిక ఎన్నికల్లో, 1952లో, డెల్టా ఓటరు కాంగ్రెసును గట్టిగా దెబ్బతీశాడు. మద్రాసు మంత్రివర్గంలో రెవెన్యూ శాఖ చూసిన కోనసీమ నాయకుడు కళా వెంకటరావు అంతటివారు ఆ ఎన్నికల్లో ఓడిపోయారు. మూడేళ్లకే, 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల్లో, కాంగ్రెసు నాయకత్వంలోని ఐక్య కూటమి 196 స్థానాలలో 146 గెలుచుకోగా కమ్యూనిస్టులు 15 స్థానాలకు పరిమితమయ్యారు. ఆ తరువాతి పాతికేళ్లూ ఈ జిల్లాలలో కాంగ్రెసుదే పైచేయి.

డెల్టా కాలువల పచ్చదనం తుని దాకా రాదు. జిల్లాకు ఈశాన్యపు కొసన తాండవ నది ఒడ్డున, రైలుమార్గం మీద ఉన్న ఈ పట్టణం మామిడికీ తమలపాకుకీ పేరుపొందింది. ఏరు దాటితే పాయకరావుపేట, అంటే నాటి విశాఖపట్నం జిల్లా. తుని సంస్థానపు వత్సవాయి వంశీయుల పలుకుబడి ఎన్నికల రాజకీయాల్లోనూ కొనసాగి, కాంగ్రెసు పక్షాన ఆ కుటుంబీకులు పలుమార్లు ఈ నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించారు. అటువంటి చోట తొండంగి మండలం ఎ.వి.నగరంలో 1951లో జన్మించిన, యాదవ కులానికి చెందిన ఒక యువ న్యాయవాది రాజకుటుంబపు పలుకుబడికి ఎదురు నిలిచి గెలవడం 1983కు ముందు ఊహకు అందని విషయం.

ఎన్.టి.రామారావు 1982 మార్చి 29న స్థాపించిన తెలుగుదేశం పార్టీ పది నెలలు తిరగకముందే ఎన్నికలకు వెళ్లి, 1983 జనవరిలో మొత్తం 294 స్థానాలలో రెండు వందలకు పైగా గెలిచింది. అంతకు ముందు ఏ పదవీ ఎరుగని న్యాయవాదులు, వైద్యులు, అధ్యాపకులు, వెనుకబడిన కులాల యువకులు ఆ గాలిలో శాసనసభకు చేరుకున్నారు. వారిలో తుని నుంచి యనమల, రాజమండ్రి నుంచి గోరంట్ల బుచ్చయ్య చౌదరి ఉన్నారు. ఈ రెండు పేర్లూ ఈ కథలో మళ్లీ ఎదురెదురుగా కనిపిస్తాయి.

కొత్త సభ్యులకు తొలి పాఠం మరుసటి ఏడాదే అందింది. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిగా నియమించారు. శాసనసభ్యులను పొరుగున ఉన్న కర్ణాటకకు తరలించి కాపాడుకోవలసి వచ్చిన ఆ నెల రోజుల పోరాటం ముగిసి, సెప్టెంబరు 16న రామారావు తిరిగి అధికారంలోకి వచ్చారు. సభలో మెజారిటీ ఎవరిదో రాజభవన్‌లో కాదు, సభలోనే తేలాలన్న సూత్రాన్ని ఆంధ్ర ప్రజలు ఆనాడు వీధుల్లో నిలబడి చెప్పారు. అదే సూత్రాన్ని సుప్రీంకోర్టు 1994 మార్చిలో ఎస్.ఆర్.బొమ్మై కేసులో ధర్మాసనం తీర్పుగా స్థిరపరచింది.

యనమల 1985లో, తెలుగుదేశం అధికారం కోల్పోయిన 1989లో, తిరిగి ప్రభంజనంలా వచ్చిన 1994లో కూడా తునిలో గెలిచారు. 1994 డిసెంబరు ఎన్నికల్లో తెలుగుదేశానికి 216 స్థానాలు దక్కాయి, కాంగ్రెసు 26కు పడిపోయింది. 1995 జనవరి 12న యనమల సభాపతి అయ్యారు. ప్రతిపక్షం అంత బలహీనంగా ఉన్న సభలో సభాపతి పని నామమాత్రమే అవుతుందని ఎవరైనా అనుకొని ఉండవచ్చు. ఏడు నెలలు తిరిగేసరికి పరీక్ష ప్రతిపక్షం నుంచి కాక పాలకపక్షం లోపలి నుంచే వచ్చింది.

పార్టీ వ్యవహారాల్లో రామారావు భార్య లక్ష్మీపార్వతి జోక్యం పెరిగిందన్న అసంతృప్తితో శాసనసభ్యులలో అత్యధికులు ఆగస్టు చివరి వారంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న వైస్రాయ్ హోటల్‌లో చంద్రబాబు నాయుడు చుట్టూ చేరారు. రామారావు తిరుగుబాటు మంత్రులను తొలగించి, శాసనసభను రద్దు చేయాలని గవర్నరు కృష్ణకాంత్‌కు సిఫారసు చేశారు. ఆ సిఫారసు ఆమోదం పొందలేదు. తన సభ్యులను వెనక్కి పిలవడానికి రామారావు చైతన్య రథం మీద ఆ హోటల్ దగ్గరకు వెళ్లినప్పుడు ఆయన మీదకు చెప్పులు వచ్చి పడ్డాయి. పన్నెండేళ్ల కిందట అదే వాహనం మీద ఊరూరా తిరిగి హారతులందుకున్న నాయకుడికి జరిగిన ఆ అవమానాన్ని తలచుకుంటే ఆయనను ఎన్నడూ సమర్థించని వారికి సైతం మనసు కలుక్కుమంటుంది.

ఈ రాజకీయ దృశ్యం వెనుక జరిగిన న్యాయపరమైన ప్రక్రియే సభాపతి పాత్రకు కీలకం. 1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన పదవ షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, పార్టీని వీడిన సభ్యుడి సభ్యత్వం రద్దయ్యేలా చేసింది. ఏ సభ్యుడు ఫిరాయించాడో నిర్ణయించే అధికారాన్ని సభాపతికే అప్పగించింది. మూడింట ఒక వంతు సభ్యులు విడిపోతే దానిని చీలికగా గుర్తించి మినహాయింపు ఇచ్చే నిబంధన అప్పటికి అమల్లో ఉన్నది. 2003లో 91వ సవరణ దానిని తొలగించింది. అయితే 1995లో చంద్రబాబు వర్గం తమది చీలిక అని చెప్పలేదు. పార్టీ అదే, శాసనసభా పక్షం అదే, కేవలం నాయకుడు మారాడన్నదే వారి వాదం. శాసనసభా పక్షం అంటే ఒక పార్టీ టికెట్‌పై గెలిచిన సభ్యులందరి సమూహం. దాని నాయకుడిని ఎన్నుకునేది ఆ సభ్యులే. ఆ వాదాన్ని అంగీకరించి సభాపతి చంద్రబాబును తెలుగుదేశం శాసనసభా పక్ష నాయకుడిగా గుర్తించారు. ఆ గుర్తింపుతో రామారావు తాను స్థాపించిన పార్టీకే సభలో నాయకుడు కాకుండా పోయారు. ఆగస్టు 31న ఆయన రాజీనామా చేయగా సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణ స్వీకారం చేశారు.

సెప్టెంబరు మొదటి వారంలో విశ్వాస పరీక్షకు సభ సమావేశమైన రోజున రామారావు మాట్లాడటానికి అవకాశం కోరారు, సభాపతి ఇవ్వలేదు. పక్ష నాయకుడి స్థానం మరొకరిది అయినప్పుడు ఆ పక్షం తరఫున ఎవరు మాట్లాడాలో నిర్ణయించేది కొత్త నాయకుడే అన్నది నియమావళి మీద ఆధారపడిన సమర్థన. ఆ సమర్థన చట్టపరంగా నిలబడుతుంది. కాని ఏ సభ్యుడికైనా మాట్లాడే అవకాశం ఇవ్వగల విచక్షణ కూడా సభాపతికి ఉన్నది. ఆ విచక్షణను ఆ రోజున వాడి, ఆ సభలోని అత్యధిక సభ్యులను గెలిపించిన మనిషికి పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇచ్చి ఉంటే, ఓటింగు ఫలితం మారేది కాదు, సభ గౌరవం మాత్రం పెరిగేది. ఓటు ద్వారా ఓడిపోవడం వేరు, గొంతు విప్పనివ్వకుండా ఓడిపోవడం వేరు. నాలుగు నెలలు గడవగానే, 1996 జనవరి 18న, రామారావు కన్నుమూశారు. ఆ సభలో ఆయన చెప్పదలచుకున్న మాట ఏ నివేదికలోనూ చేరలేదు. నియమాలు బాగా ఎరిగిన సభాపతి నుంచే ఈ లోటు వచ్చింది కాబట్టి అది మరింత బాధ కలిగిస్తుంది.

ఆ సంక్షోభంలో రాజమండ్రి శాసనసభ్యుడు, రామారావు మంత్రివర్గంలో సభ్యుడు గోరంట్ల బుచ్చయ్య చౌదరి చివరిదాకా రామారావు వెంట నిలిచారు. ఒకే జిల్లాకు చెందిన, ఒకే ఏడాది సభలో ప్రవేశించిన ఇద్దరు సభ్యులు ఆ విధంగా రెండు వైపులా ఉండిపోయారు. తరువాతి కాలంలో బుచ్చయ్య చౌదరి చంద్రబాబు నాయకత్వంలోని తెలుగుదేశంలోకి తిరిగి వచ్చి 1999లో గెలిచారు.

యనమల సభాపతిగా ఉన్నప్పుడే గోదావరి జిల్లాకు మరొక సభాపతి లభించారు. కోనసీమలోని యెదుర్లంకకు చెందిన జి.ఎం.సి.బాలయోగి 1996 ఉప ఎన్నికలో ముమ్మిడివరం శాసనసభ్యుడై, ఆ తరువాత లోక్‌సభకు ఎన్నికై, 1998 మార్చిలో లోక్‌సభ స్పీకరయ్యారు. 1999 ఏప్రిల్ 17న ఒక్క ఓటు తేడాతో వాజపేయి ప్రభుత్వం పడిపోయిన రోజున ఒరిస్సా ముఖ్యమంత్రిగా ఉంటూనే లోక్‌సభ సభ్యుడిగా కొనసాగుతున్న గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న ప్రశ్నను బాలయోగి ఆ సభ్యుని మనస్సాక్షికి వదిలారు. నియమం ఎంత వరకు, విచక్షణ ఎంత వరకు అన్న ప్రశ్న రెండు చోట్లా గోదావరి మనుషుల ఎదుటే నిలిచింది. బాలయోగి 2002 మార్చి 3న కైకలూరు సమీపంలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు.

యనమల 1999 నుంచి 2004 వరకు ఆర్థిక మంత్రిగా పనిచేశారు. 2004లో తెలుగుదేశం 47 స్థానాలకు పడిపోయినప్పుడు కూడా తునిలో ఆరోసారి గెలిచారు. 2009లో మాత్రం వత్సవాయి కుటుంబానికి చెందిన రాజా అశోక్‌బాబు చేతిలో ఓడిపోయారు. ఇరవై ఆరేళ్ల ప్రాతినిధ్యం రాజకుటుంబపు వారసుడి చేతనే ముగిసింది. 2014లో, 2019లో యనమల సోదరుడు కృష్ణుడు తెలుగుదేశం అభ్యర్థిగా నిలబడి వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థి దాడిశెట్టి రాజా చేతిలో ఓడారు.

ఓట్ల పునాది కదిలినా యనమల ప్రాధాన్యం తగ్గలేదు. రామారావు ప్రభుత్వం 1985లో రద్దు చేయించిన శాసనమండలి 2007లో తిరిగి ఏర్పడింది. 2013లో యనమల ఆ మండలిలో ప్రవేశించి, 2014లో రాష్ట్ర విభజన తరువాత మళ్లీ ఆర్థిక మంత్రి అయ్యారు. రాజధాని లేని, రెవెన్యూ లోటుతో మొదలైన రాష్ట్రానికి తొలి పూర్తి స్థాయి బడ్జెట్‌ను ప్రవేశపెట్టారు. ఆ పదవిలో ఉండగానే, 2016 జనవరి 31న, కాపు రిజర్వేషన్ల సభ సందర్భంగా సొంత పట్టణం తునిలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడింది.

2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులు మండలికి వచ్చినప్పుడు, తెలుగుదేశం అధికారం కోల్పోయాక అక్కడ ప్రతిపక్ష నాయకుడిగా ఉన్న యనమల 71వ నిబంధన కింద ప్రభుత్వ విధానాన్ని వ్యతిరేకించే తీర్మానానికి నోటీసు ఇచ్చారు. మరునాడు మండలి అధ్యక్షుడు, పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురానికి చెందిన ఎం.ఎ.షరీఫ్, తన విచక్షణతో బిల్లులను సెలెక్ట్ కమిటీకి, అంటే లోతుగా పరిశీలించే సభ్యుల సంఘానికి, పంపారు. ఆగ్రహించిన ప్రభుత్వం జనవరి 27న మండలి రద్దుకు శాసనసభలో తీర్మానం చేయించి, 2021 నవంబరులో దానిని వెనక్కి తీసుకుంది. శాసనసభలో అల్పసంఖ్యలో ఉన్న పక్షానికి మండలి నియమావళి ఎంత బలమివ్వగలదో ఆ రెండు రోజుల్లో తెలిసింది. 1995లో సభా నియమావళి బలవంతుని చేతిలోని ఆయుధంగా పనిచేసింది.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో తుని కాకినాడ జిల్లాలో చేరింది. రాజమహేంద్రవరం తూర్పు గోదావరికి కేంద్రమైంది. 2024లో యనమల కుమార్తె దివ్య దాడిశెట్టి రాజాను ఓడించి తుని స్థానాన్ని తిరిగి కుటుంబానికి తెచ్చారు. ఆ ఏడాది జూన్‌లో కొత్త సభ్యుల ప్రమాణ స్వీకారాలను జరిపించిన తాత్కాలిక సభాపతి రాజమండ్రి గ్రామీణ నియోజకవర్గం సభ్యుడు, ఏడుసార్లు గెలిచిన గోరంట్ల బుచ్చయ్య చౌదరి. ఆయన అధ్యక్షతనే దివ్య తొలిసారి సభలో కూర్చున్నారు. మండలిలో రామకృష్ణుడి పదవీకాలం 2025 మార్చి 29న ముగిసింది.