ఉస్తి వేరు, వంకాయ తల



మన ఇళ్లలో ఉస్తికాయ తెలియనివారు తక్కువ. తమిళులు సుండైక్కాయ అంటారు, కన్నడిగులు సుండెకాయి అంటారు. మా హోసూరు వైపు అవ్వలు ఆ కాయల్ని చితక్కొట్టి, ఉప్పు మజ్జిగలో నానబెట్టి, ఎండలో వరుగు చేసేవారు. కంచె పక్కన దానంతట అది మొలిచే ఈ ముళ్ల చెట్టుకు ఎవరూ నీళ్లు పోయరు. పొలం చదును చేసేటప్పుడు ముందు పీకేసేదీ దాన్నే. ఇవాళ నర్సరీలవాళ్లు దాని గింజలు తెచ్చి నారు పోస్తున్నారు. కాయ కోసం కాదు, వేరు కోసం.

కూరగాయలకు అంటు కట్టడం నిన్నమొన్నటిది కాదు. రెండు వేల ఏళ్ల కిందట ఫాన్ షెంగ్‌జి రాసిన చైనా వ్యవసాయ గ్రంథంలోనే దీని మాట ఉంది. పది సొర మొక్కల కాడల్ని ఒకటిగా కట్టి, ఒక్క తీగనే ఉంచి, పెద్ద కాయ కాయించే పద్ధతి అది.

తెగులును తప్పించుకోవడానికి అంటు కట్టడం మాత్రం 1920ల చివర జపాన్‌లో మొదలైంది. ఏటా అదే నేలలో పుచ్చ వేయడంతో ఎండు తెగులు పాతుకుపోయింది. ఆ బూజు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. వేరులోకి దూరి, నీళ్లు పైకెక్కే దారిని మూసేస్తుంది. నేలలో తడి ఉన్నా తీగ వాడిపోతుంది. పుచ్చను చంపే ఆ బూజు గుమ్మడి వేరును ఏమీ చేయలేదు. అందుకే గుమ్మడి మొలక మీద పుచ్చ మొలకను అంటు కట్టారు. తర్వాత సొర వేరు కూడా బాగా కుదిరింది. 1950లలో వంగకు, 1960లలో టమాటాకు ఈ పని పాకింది. ఇప్పుడు జపాన్, కొరియాల్లో పండే పుచ్చలో చాలా భాగం అంటు మొక్కలదే.

పడమటి దేశాలవాళ్లు చాలాకాలం మట్టికి మీథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించి తెగుళ్లను చంపేవారు. అది ఓజోన్ పొరకు చేటని తేలాక, మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఆ దేశాల్లో 2005కల్లా, మనలాంటి దేశాల్లో 2015కల్లా పొలాల్లో దాన్ని మానుకోవాల్సి వచ్చింది. అప్పుడు వాళ్లూ అంటు నారు వైపు తిరిగారు. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం టమాటాను వంగ వేరు మీద కట్టి, వరద నీటినీ వడలు తెగులునూ తట్టుకునేలా చేసింది. మనకు దగ్గర్లోని బెంగళూరు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థలోనూ ఇలాంటి పరిశోధన జరిగింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మన సభ్యుల్లో టమాటా, వంగ మీద బతికేవాళ్లు ఎందరో ఉన్నారు. నిన్న పచ్చగా ఉన్న మొక్క ఇవాళ తల వాల్చేయడం మేమూ చూశాం. అలాంటి మొక్క కాండం కోసి గాజు గ్లాసు నీళ్లలో పెట్టండి. పాలలాంటి ధార దిగితే అది బాక్టీరియా వడలు తెగులు. పైన ఏ మందు కొట్టినా అది తగ్గదు. నేల అమ్ముకోవడమా, పంట మానుకోవడమా అన్నదాకా రాకముందే అంటు నారు సంగతి ఆలోచించాలి.

వంగకు ఉస్తి వేరు బాగా కుదురుతుంది. వడలు తెగులునూ, వేరు బుడిపెల నులిపురుగునూ చాలావరకు తట్టుకుంటుంది. కానీ ఉస్తి గింజ నిదానంగా మొలుస్తుంది కాబట్టి వంగకన్నా ముందే నారు పోయాలి. రెండు కాడలు ఒకే లావుకు వచ్చాక ఏటవాలుగా కోసి, కలిపి, క్లిప్పు పెట్టి, వారం రోజులు తేమగా, నీడలో ఉంచాలి. నాటేటప్పుడు అతుకు మట్టికి పైనే ఉండాలి. అది పూడితే వంగ సొంత వేరు దించుకుంటుంది, తెగులు ఆ దారినే ఎక్కుతుంది. ఆకుముడత వైరస్‌కు ఇది మందు కాదు. ఖర్చూ మామూలు నారుకన్నా బాగా ఎక్కువ. అందుకే ముందు రెండు సాళ్లు వేసి చూడండి.

ఒక మాట చెప్పి ముగిస్తాం. ఉస్తి పుట్టిల్లు ఇక్కడ కాదు, అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. ఎప్పుడో వచ్చి, ఈ నేలలో కలిసిపోయి, ఇవాళ మన వంకాయను నిలబెడుతోంది. వేరు ఉస్తిదైనా కాసేది వంకాయే. తరతరాల కిందట వలస వచ్చి ఇక్కడ నిలిచిన మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మీ కంచె పక్కన ఉస్తి చెట్టు ఉంటే పీకేయకండి. పండిన కాయల గింజలు దాచి, వచ్చే సమావేశానికి తీసుకురండి.