తలసరి లెక్కలు - రెండు తెలుగు ప్రాంతాలు (1955-2015): చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాలలో ఏది సంపన్నమైనదన్న ప్రశ్న 1955 నుంచి పలుమార్లు అంకెలతోనే చర్చకు వచ్చింది. అయితే ఆయా సందర్భాలలో కొలిచిన విషయం ఒకటి కాదు. మొదట ప్రభుత్వ రాబడిని, తరువాత మిగులు నిధులను, ఆ పైన ప్రజల ఆదాయాన్ని లెక్కించారు. వీటిని ఒకే వరుసలో పెట్టి పోల్చడం సరికాదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తలసరి ఆదాయం, తలసరి రాబడి, మిగులు నిధులు, ఫజల్ అలీ కమిషన్, శ్రీకృష్ణ కమిటీ, తార్నాక.

1. ఉపోద్ఘాతం
1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాని ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాక ఈ చర్చకు ముఖ్యవేదికలు. 1969లోను, 2009లోను ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఇక్కడి విద్యార్థుల మధ్య బలపడింది. ఆ నినాదాలలో నిధుల లెక్కలకు ప్రధాన స్థానం ఉంది.

2. రాబడి వేరు, ఆదాయం వేరు
1955లో ఫజల్ అలీ కమిషన్, తెలంగాణతో పోలిస్తే ఆంధ్ర రాష్ట్ర తలసరి రాబడి తక్కువని పేర్కొంది. తెలంగాణలో భూమిశిస్తు భారం ఎక్కువగా ఉండటం, ఆబ్కారీ ద్వారా ఏడాదికి సుమారు 5 కోట్ల రూపాయలు రావడం ఇందుకు ప్రధాన కారణాలని వివరించింది. ఆంధ్రలో అప్పుడు మద్యనిషేధం అమలులో ఉంది. రైతు కట్టిన శిస్తు, కల్లు, సారాలపై వచ్చిన పన్ను ఖజానాను నింపుతాయి. అంతమాత్రాన ప్రజలు సంపన్నులని చెప్పలేము. మరోవైపు గోదావరి, కృష్ణా డెల్టాలలో 19వ శతాబ్దం నాటి ఆనకట్టల కింద సేద్యం స్థిరపడి ఉంది. ఆ పంటల విలువ తలసరి రాబడి అంకెలో పూర్తిగా కనిపించదు.

3. మిగులు నిధుల వివాదం
1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం, ఉమ్మడి పాలన ఖర్చులు పోగా మిగిలిన తెలంగాణ రాబడిని ఆ ప్రాంత అభివృద్ధికే వినియోగించాలి. 1969లో ఈ మిగులును తొలుత కుమార్ లలిత్, తరువాత జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిటీ లెక్కించగా మొత్తాలు వేర్వేరుగా తేలాయి. ఉమ్మడి ఖర్చును ఏ నిష్పత్తిలో పంచాలన్నది ఇటువంటి లెక్కలో కీలకం. అది గణితంతో మాత్రమే తేలే విషయం కాదు.

4. హైదరాబాదు కలిసిన సగటు
2010 డిసెంబరులో నివేదిక సమర్పించిన శ్రీకృష్ణ కమిటీ, తెలంగాణ తలసరి ఆదాయాన్ని హైదరాబాదుతో కలిపి, విడదీసి పరిశీలించింది. నగరాన్ని మినహాయిస్తే సగటు తగ్గింది. ప్రస్తుత ధరలలో 2014-15లో తెలంగాణ తలసరి ఆదాయం 1,24,104 రూపాయలు, విభజనానంతర ఆంధ్రప్రదేశ్‌ది 93,903 రూపాయలు. అంటే రెండవది మొదటిదానిలో సుమారు నాలుగింట మూడు వంతులు. ఉమ్మడి రాజధాని ఆర్థిక కార్యకలాపాలు సరిహద్దుకు ఒకవైపే నమోదు కావడం ఈ వ్యత్యాసంలో ముఖ్యాంశం.

ఐరోపాలోనూ ఇటువంటి చిక్కు ఉంది. 2015లో ఐర్లండ్ స్థూల దేశీయోత్పత్తి ఒక్క ఏడాదిలో సుమారు 26 శాతం పెరిగినట్లు నమోదైంది. బహుళజాతి సంస్థలు తమ ఆస్తులను ఆ దేశపు లెక్కల్లోకి మార్చుకోవడం ఇందుకు ప్రధాన కారణం. బ్రిటన్‌తో ఐర్లండ్‌ను తలసరి ఉత్పత్తి ఆధారంగా పోల్చేవారు ఈ సంగతిని విస్మరించలేరు. ఐర్లండ్ గణాంక సంస్థ తదనంతరం సవరించిన జాతీయాదాయ కొలమానాన్ని ప్రవేశపెట్టింది. అయితే హైదరాబాదు ఉత్పత్తి కేవలం లెక్కల మార్పు కాదు, అది నగరంలో జరుగుతున్న వాస్తవ ఉత్పత్తి. అది నల్లగొండకో ఆదిలాబాదుకో ఎంత చేరుతుందన్నది ఇక్కడి ప్రశ్న.

5. ముగింపు
1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. ఇంటింటి ఆహార సర్వేల ద్వారా మనిషికి అందే పోషణను అది అధ్యయనం చేసింది. సగటు ఆదాయం చెప్పలేని సంగతిని అటువంటి కొలత చెప్పగలదు. కనుక రెండు ప్రాంతాలను పోల్చే పరిశోధకులు తాము కొలుస్తున్నది రాబడినా ఆదాయాన్నా, ఏ సరిహద్దులలో, ఏ ధరలలో అన్నది ముందుగా స్పష్టం చేయాలి. 1955 నాటి ఖజానా అంకెను ప్రజల సంపదగా చదివితే, శిస్తు కట్టిన రైతు చరిత్రలో ధనికుడిగా నమోదవుతాడు.