ముడుపు మూట, గోడమీది గీత, ఫోనులో పద్దు



అలిపిరి అనగానే మనకు పాదాల మండపం, కర్పూర హారతి, మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే ఆడవాళ్ళు కళ్ళముందు మెదులుతారు. నాకు మాత్రం వాళ్ళ సంచిలో ఉండే ముడుపు మూట కూడా గుర్తుకొస్తుంది. ఇంట్లో ఏదో ఆపద వస్తుంది. పసుపుగుడ్డలో నాణెం పెట్టి, స్వామి పేరు చెప్పి ముడి వేస్తాం. ఆనాటినుంచి ఎంత ఇబ్బంది వచ్చినా ఆ ముడి విప్పం. ఆలోచించి చూడండి, సంసారం ఖర్చు వేరు, మొక్కు వేరు అని డబ్బును విడదీసి పెట్టుకోవడం మన అమ్మమ్మలు ఏ బడిలో నేర్చుకున్నారు? ఆ స్వామి కూడా మన కథల్లో అప్పున్న సంసారే కదా! పెళ్ళికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని చెప్పుకుంటాం. వడ్డికాసులవాడని ముద్దుగా పిలుచుకుంటాం.

ఆ కొండమీదే ఒక స్త్రీ పేరున చాలా పాత లెక్క ఒకటుంది. పల్లవ వంశపు రాణి సామవై క్రీ.శ. 966లో స్వామికి వెండి విగ్రహం చేయించి ఇచ్చింది. ఈనాడు మనం భోగ శ్రీనివాసమూర్తి అంటున్నది ఆ విగ్రహాన్నే. దానితోపాటు నగలూ, భూములూ ఇచ్చింది. ఏమేమి ఇచ్చిందో గుడిగోడమీద తమిళంలో చెక్కించారు. ఇచ్చిన చేయి పోయి వెయ్యేళ్ళు దాటింది, పద్దు మాత్రం చెరగలేదు.

రాణిగారికి రాయి దొరికింది. మామూలు ఇల్లాలికి దొరికింది వంటింటి గోడ. పాల లెక్క బొగ్గుతో గీసిన గీతలు. పండక్కి సున్నం కొడితే ఆ లెక్క కాస్తా మాయం! నాలుగు రూపాయలు మిగిలితే పోపులడబ్బాలో దాపరికం. ఎందుకు దాచుకునేదంటారు? అడిగి తీసుకునే డబ్బేగాని, ఇది నాది అని చెప్పుకునే డబ్బు ఆమెకు లేక.

ఇది మన ఒక్క దేశం సంగతే కాదు. జపానులో హాని మొతోకో అనే పత్రికా రచయిత్రి 1904లో గృహిణుల కోసం ఇంటి జమాఖర్చుల పుస్తకం అచ్చువేయించింది. ముందుగా ఏ పద్దుకు ఎంతో నిర్ణయించుకోవాలి, రోజూ రాయాలి, నెలాఖరున పోల్చి చూసుకోవాలి. ఇంతే ఆవిడ చెప్పింది. నూరేళ్ళు దాటినా ఆ పద్ధతి అక్కడ ఇంకా బతికే ఉంది.

మరి మన పల్లెల్లో? 1982లో డ్వాక్రా పథకం వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణంమీద తిరగబడ్డారు. ఆ ఊపులోనే, తాగుడుకు పోయే డబ్బును రోజుకో రూపాయి చొప్పున కూడబెట్టే పొదుపు ఉద్యమం పుట్టింది. సంఘాలకు పుస్తకాలు వచ్చాయి. కానీ రాసేది ఒకరు, వినేది పదిమంది. చదువురాని అక్క తన పేరు పక్కన ఏం రాశారో నమ్మాల్సిందే తప్ప చూసుకునే వీలేదీ? ఈమధ్య మన రాష్ట్రంలో సెర్ప్ సంస్థ తెచ్చిన ‘మన డబ్బులు – మన లెక్కలు’ అనే ఫోను యాప్‌లో సభ్యురాలు తన పొదుపెంతో, అప్పెంతో తానే చూసుకోవచ్చు. పేరే చెబుతోంది చూడండి, మన డబ్బుకు మన లెక్క!

2016లో యూపీఐ వచ్చాక కూరలబండి దగ్గరా ఫోనుతోనే చెల్లింపు. ఎప్పుడు, ఎవరికి, ఎంత ఇచ్చామో ఫోనే రాసిపెడుతుంది. ఇక పుస్తకమెందుకు అంటారేమో. ఫోను అన్నీ రాస్తుందిగానీ, ఎందుకు ఇచ్చామో రాయదు. కిరాణాకొట్టుకు ఎనిమిదివందలు అని చూపిస్తుంది. అందులో పప్పెంత, పిల్లవాడి చిరుతిళ్ళెంత, అది మీకే తెలియాలి. చేతినుంచి పోయిన నగదు సంగతి దానికి బొత్తిగా తెలియదు.

మరో మాట. అమెరికాలో 2007లో మింట్ అని ఒకటి వచ్చింది. బ్యాంకుఖాతాలన్నీ కలిపి ఖర్చులను తనంతట తానే పద్దులవారీగా విడదీసేది. 2024లో దాన్ని మూసేశారు. కాబట్టి ఎంత మంచి యాప్ అయినా అద్దె ఇల్లే అనుకోండి. నెలకోసారి బ్యాంకు లెక్క కాగితం తీసి మీ దగ్గర ఒక నకలు ఉంచుకోండి.

మొన్న అలిపిరి దగ్గర ఒకావిడ దగ్గర పూలు కొన్నాను. అట్టమీద గళ్ళబొమ్మ, పక్కన డబ్బు పడగానే అంకె చెప్పే చిన్నపెట్టె. “ఈరోజు ఎంతయిందమ్మా?” అని అడిగాను. “ఏమో తల్లీ, అది నా కొడుకు ఖాతాలో పడతాది. రాత్రికి వాడు చెప్తాడు” అంది. కొడుకు మంచివాడే కావచ్చు. కానీ పొద్దుటినుంచి ఎండలో కూర్చున్నది తల్లి, లెక్క తెలిసింది కొడుక్కి. పోపులడబ్బాలో ఎంతుందో ఆవిడ అమ్మకు తెలుసును. ఇన్ని సాధనాలు వచ్చాక ఈవిడకు తెలియకపోతే మనం ముందుకు నడిచినట్టా, వెనక్కా?

అందుకే చెబుతున్నాను. ఖాతా మీ పేరున ఉండాలి. రహస్య అంకె, అదే పిన్ను, మీ ఒక్కరికే తెలియాలి. డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు, పోవడానికే కావాలి. ఎవరైనా మాయమాటలు చెప్పి డబ్బు లాగేస్తే సిగ్గుపడి ఊరుకోక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. వారానికో సాయంత్రం పొయ్యి ఆర్పాక, ఫోనులోని అంకెలు ఒక్కొక్కటీ చూసి, అది ఎందుకో పక్కన పుస్తకంలో రాసుకోండి.

ఆ పూలావిడకు కూడా ఇదే చెప్పాను. “నాకు సదువు రాదే” అంది. అంకెలు వచ్చా అన్నాను. నవ్వి, “అంకెలు రాకుండా పూలెట్టా అమ్ముతా?” అంది.